బురదను తూచు తక్కెడ

రజతోత్సవ సంచికలో బురదను గూర్చిన వ్యాసమేమని చదువరులు కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. కాని 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి బావి నుండి వాయువు ఎగదన్ని, అంటుకొని, 65 దినములు మండిన సంగతి కోనసీమవాసులు మరచినవారు కారు. భూమి లోపల నణగియున్న అట్టి శక్తిని, బావి త్రవ్వునంత కాలము అణచి పట్టునది ప్రధానముగా బురదయే. ఆ బురద బరువెంతయో తెలిసికొనుటకు మానవుడు పడిన పాట్లే ఈ కథ.

అమెరికా దేశమున టెక్సాస్ రాష్ట్రములో, బోమాంట్ పట్టణ సమీపమున స్పిండిల్‌టాప్ అను మిట్ట కలదు. 1900 అక్టోబరులో కెప్టెన్ ఆంథొనీ లూకాస్ అను ఇంజనీరు కొరకు హామిల్ సోదరులచట బావి త్రవ్వనారంభించిరి. గొట్టము చివర నున్న కోతమొనను త్రిప్పుచు, ఆ గొట్టము గుండా నీటిని లోనికి పంపి, తెగిన మట్టిని నీటితో పైకి తెచ్చుట వారి పద్ధతి. ఇసుక పొర తగిలినంతనే గోడలు కూలసాగినవి. బురదనీటిని పంపినచో అది గోడలకు పూతవలె నంటుకొని నిలుచునని వారికి తోచినది. అందులకై నీటిగుంటలోనికి పశువులను తోలి త్రొక్కించిరని చెప్పుదురు. వరిమడిని దమ్ము చేయు రైతునకు ఇందు వింత యేమియు తోపదు.

ఆ బురద గోడలను నిలిపినది. అడుగున నున్న ఒత్తిడిని మాత్రము నిలుపలేకపోయినది. దానిని తూచవలెనన్న ఊహయే ఆనాడు లేదు. 1901 జనవరి 10వ తేదీన, క్రొత్త కోతమొన నమర్చి గొట్టములను దింపుచుండగా బురద కుతకుత పొంగి, టన్నులకొలది బరువుగల గొట్టములు పైకెగసినవి. కొంతసేపు అంతయు సద్దుమణిగినది. పిమ్మట మరల గర్జించి, మొదట వాయువు, ఆపై నల్లని చమురు 150 అడుగులకు మించి చిమ్మినది. దినమునకు లక్ష పీపాలని అంచనా. తొమ్మిది దినములకు గాని దాని నోరు మూయుట సాధ్యము కాలేదు. లోకము దానిని మహాభాగ్యమని కొనియాడినది. నిజమునకు అది అదుపు తప్పిన బావియే.

ఇందలి లెక్క కష్టమైనది కాదు. పది మీటర్ల లోతు నీరు అడుగున చదరపు సెంటీమీటరునకు సుమారొక కిలో ఒత్తిడిని కలిగించును. బావి వెడల్పుతో నిమిత్తము లేదు. లోతు, బరువు, ఈ రెండే లెక్క. 3,000 మీటర్ల బావి నిండ నీరున్నచో అడుగున 300 కిలోలు. అచటి వాయువు 360 కిలోల ఒత్తిడితో నున్నచో, నీటికంటె 1.2 రెట్లకు మించిన బరువుగల ద్రవము కావలెను. పోనిమ్మని రెట్టింపు బరువు చేయుదమన్నను తగదు. రాతిపొర పగిలి, బురద ఆ పగుళ్లలోనికి జారిపోవును. బావిలో మట్టము దిగిపోవును. అప్పుడు వాయువు మరల తల యెత్తును.

బరువు పెంచుటకు వట్టి మట్టి చాలదు. తగినంత బరువు రాకమునుపే అది చిక్కనై పంపునకు లొంగకుండును. 1920ల దశకమున లూసియానాలో స్ట్రౌడ్ అను నతడు ఇనుప ఖనిజపు పొడిని, బెరైటీసు పొడిని కలిపి ఈ చిక్కు విడదీసెను. 1926లో అతనికి పేటెంటు లభించినది. బెరైటీసు నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువైనది, మెత్తగా నలుగునది, ఇతర ద్రవ్యములతో కలహింపనిది. మనవారు ముగ్గురాయి అను నది యిదియే. కడప సీమలోని మంగంపేట గనులు ప్రపంచములోని మిక్కిలి పెద్ద బెరైటీసు నిక్షేపములలో నొకటి. అచటి రాయి పొడియై దేశదేశముల చమురు బావులలోనికి దిగుచున్నది.

ఇక తూచుట. పాలలో లాక్టోమీటరు ముంచినట్లు హైడ్రోమీటరును ముంచవచ్చును గదా యందురేమో. చిక్కని బురద దానిని పట్టివేయును. అది తేలవలసినచోట తేలదు. కనుక ప్రత్యేకమైన తక్కెడ వాడుకలోనికి వచ్చినది. దాని కాడకు ఒక కొనయందు నిర్ణీత పరిమాణము గల గిన్నె, రెండవ కొనయందు ఎదురు బరువు. గిన్నెను బురదతో నింపి, నడుమ చిన్న రంధ్రముగల మూత వేయుదురు. ఎక్కువైన బురద ఆ రంధ్రము గుండా పొంగి పోవును. వెలుపల కడిగి తుడిచి, కాడను కత్తివాదర వంటి ఆధారముపై నుంచి, కాడపై జారెడు చిన్న తూనికను కదుపుదురు. రసమట్టములోని బుడగ నడుమకు వచ్చినచోట గల అంకెయే బురద సాంద్రత.

ఇంత సులువైన పనియందు మోసమెచట నున్నదనగా, గాలిలో! బురదలో చిక్కుకొన్న గాలిబుడగలు దానిని ఉన్నదానికంటె తేలికగా చూపును. అంకెలో 0.05 తేడా వచ్చినను, 3,000 మీటర్ల లోతున అది 15 కిలోల తేడా యగును. అందుచే గిన్నెలోని బురదను ఒత్తిడితో నొక్కి, బుడగలను కుదించి తూచు తక్కెడలును వచ్చినవి.

కొలత తెలిసిన కాలమునను ప్రమాదములు తప్పలేదు. 2010 ఏప్రిల్ 20వ తేదీన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను త్రవ్వకపు నావపై, అడుగున సిమెంటు సరిగా పట్టని బావి నుండి బరువైన బురదను తీసి సముద్రజలమును నింపుచుండిరి. బిగువు పరీక్షలో కనబడిన హెచ్చరికను సరిగా గ్రహింపరైరి. 11 మంది మరణించిరి. అచట తక్కెడ అబద్ధమాడలేదు; బరువును తీసివేయుటయందే తొందర జరిగినది.

నేడు గొట్టములలోనే అమర్చిన యంత్రములు ఎడతెగక సాంద్రతను చూపుచున్నను, పాత తక్కెడ బావి యొద్ద పనిచేయుచునే యున్నది. దాని నిజము తేల్చుటకు గిన్నెలో మంచినీరు పోసి తూచుదురు. అంకె 1.00 చూపనిచో, కాడ కొనయందలి గూటిలో నున్న సీసపు గుండ్లను ఒకటి రెండు తీసియో చేర్చియో సరిచేసి, ఆ పిమ్మటనే బురదను ముట్టుదురు.