విన్నవారే తీర్పరులు

ఆటోనగరులో సుత్తి దెబ్బల నడుమ బస్సు బాడీలు రూపొందుట మనము చూచుచునే యున్నాము. ఆ బస్సును నడపు హక్కు ఎవరిది? కృష్ణాజిల్లాలో పుట్టిన ఈ తగవు ఒకప్పుడు సుప్రీంకోర్టు దాకా పోయినది.

నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో ఆరంభించిన సర్వీసే ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు మూలము. 1958 జనవరి 11న ఆ సంస్థ ఏర్పడినది. కృష్ణాజిల్లాలోని ప్రైవేటు రూట్లను జాతీయము చేయు పథకముపై బస్సు యజమానులు అభ్యంతరములు చెప్పుకొనిరి. వాటిని ఆలకించినది రవాణాశాఖ కార్యదర్శి. పథకమును ఆమోదించినది ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు ప్రభృతులు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. ఒకరు విని వేరొకరు నిర్ణయించుట న్యాయము కాదని 1958 నవంబరులో కోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. పిమ్మట ముఖ్యమంత్రియే స్వయముగా విచారణ జరిపెను. 1959లో యజమానుల రెండవ వ్యాజ్యము వీగిపోయినది.

రూట్లు సంస్థ పరమైనవి. 2020 జనవరి 1న సంస్థ సిబ్బందియు ప్రభుత్వోద్యోగులైరి. కాని మన జిల్లా బస్సుల తగవును న్యాయ విద్యార్థులు నేటికిని చదువుచున్నారు. బస్సులు పోయినను, మొర విన్నవారే తీర్పు చెప్పవలెనను మాటను ఆ యజమానులు మనకు దక్కించి పోయిరి.