యాతెంగా: ఎవరు ఎవరికి నేర్పారు?

బుర్కినా ఫాసో ఉత్తరాన వాహిగూయా పట్టణం చుట్టూ ఉన్న ప్రాంతం యాతెంగా. ఒకప్పటి మోసీ ప్రజల రాజ్యం. జొన్న, సజ్జ అక్కడి తిండి గింజలు. వాన పడితే జూన్ నుంచి సెప్టెంబరు లోపలే, ఆ తర్వాత ఎనిమిది నెలలు చుక్క రాలదు. పైమన్ను కొట్టుకుపోయి, పెచ్చు కట్టి, గడ్డి కూడా మొలవని నేలను మోసీలు ‘జిపెలె’ అంటారు. పరిశోధకులు, పంతుళ్లు, రైతులు అరవై ఏళ్లుగా తలపడుతున్నది ఈ జిపెలెతోనే. ఆ చరిత్ర చదివిన ప్రతిసారీ ఒకే ప్రశ్న నన్ను వెంటాడుతుంది: ఇందులో ఎవరు ఎవరికి నేర్పారు?

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1962-65 మధ్య, యూరప్ నిధులతో భూసంరక్షణ పథకం ఒకటి వచ్చింది. భారీ యంత్రాలు దిగి దాదాపు 1,20,000 హెక్టార్లలో మట్టి కట్టలు పోశాయి. ఇంజనీర్ల లెక్క తప్పలేదు గానీ, పొలం గలవాణ్ణి ఎవరూ ఒక మాట అడగలేదు. కట్ట తెగితే పూడ్చినవాళ్లు లేరు. కొన్నేళ్లలో ఆ శ్రమంతా మట్టిలో కలిసిపోయింది. ఫ్రెంచి భూగోళ శాస్త్రవేత్త జాఁ-ఈవ్ మార్షల్ ఏళ్ల తరబడి యాతెంగా పల్లెల్లో తిరిగి, నేల ఎలా అలసిపోయిందో, జనం పెరిగేకొద్దీ పడావు పెట్టే ఏళ్లు ఎలా తగ్గిపోయాయో 1983లో పెద్ద గ్రంథంగా రాశాడు. జబ్బు ఏమిటో అందులో స్పష్టంగా ఉంది. మందు మాత్రం మరో దారిలో వచ్చింది.

ఆ దారి మొదలైంది బడి దగ్గర. పల్లె పిల్లలకు చదువుతో పాటు సేద్యం నేర్పే గ్రామీణ విద్యా కేంద్రాలు అక్కడ 1960లలో నడిచాయి. బడిలో నేర్చుకున్న కుర్రవాడు ఇంటికి వెళ్తే, పొలం మీద పెత్తనం పెద్దలది. నేర్చినదాన్ని పెట్టడానికి అతనికి గజం నేల లేదు. ఉపాధ్యాయుడిగా పనిచేసిన బెర్నార్ లెదెయా వెద్రావొగో ఈ ముడిని గుర్తించాడు. ఈడువాళ్లంతా కలిసి పనిచేసే ‘నామ్’ అనే పాత ఆచారం మోసీల్లో ఉంది. దాన్నే పునాదిగా తీసుకుని 1967 నుంచి రైతు సంఘాలు కట్టాడు. ఎండాకాలం ఖాళీగా పోయే నెలల్లో చెరువులు, బావులు, తోటలు ఆ సంఘాల పనులయ్యాయి. ఊళ్లో ముందే ఉన్నదాన్ని చూడగలిగిన ఆ కన్ను, నా దృష్టిలో, యాతెంగాలో జరిగిన మొదటి నిజమైన పరిశోధన.

1968 తర్వాత వరసగా కరువులు. బావులు అడుగంటాయి, కుర్రవాళ్లు ఐవరీ కోస్ట్ తోటలకు వలస పోయారు. 1979లో ఆక్స్‌ఫామ్ సంస్థ చెట్లు పెంచే పథకంతో వచ్చింది. రైతులు తమకు ముందు తిండి కావాలన్నారు. ఈసారి విన్నారు! పథకం పంట వైపు తిరిగింది, పొలానికి అడ్డంగా రాళ్ల వరసలు పేర్చే పాత పద్ధతిని మెరుగుచేశారు. మట్టి కట్ట నీటిని ఆపబోయి తెగుతుంది. రాళ్ల వరస నీటి పరుగును తగ్గించి, సందుల్లోంచి మెల్లగా పోనిస్తుంది. కొట్టుకొచ్చిన మన్ను, ఆకులు, గింజలు అక్కడే ఆగుతాయి. కాకపోతే వరస ఒకే మట్టంలో ఉండాలి. అందుకు దొరికిన సాధనం మన తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం. రెండు కర్రలకు కట్టిన ఆ గొట్టంతో, అక్షరం రాని రైతు కూడా ఒకటి రెండు రోజుల్లో మట్టం చూడటం నేర్చేశాడు.

అదే కాలంలో గూర్గా అనే ఊళ్లో యాకూబా సవాదోగో బజారు వ్యాపారం వదిలి సేద్యానికి వచ్చాడు. అతను చేపట్టిన ‘జాయీ’ కొత్తదేమీ కాదు. గట్టి నేలలో చిన్న గుంతలు తవ్వి విత్తడం తాతల నాటిదే. తెల్లారకముందే లేచి నేలను సిద్ధం చేసుకునే తొందర ఆ మాటలోనే ఉంది. యాకూబా గుంతను పెద్దది చేసి, లోతు పెంచి, పశువుల ఎరువు వేశాడు. మన పాదులాంటిదే అనుకోవచ్చు, కానీ హెక్టారుకు పదివేలకు పైగా, అదీ ఎండాకాలం రాయిలాంటి నేలలో! ఎరువు వాసనకు చెదలు వస్తాయి. అవి తొలిచిన సొరంగాల్లోంచి తొలకరి నీరు లోపలికి దిగుతుంది. మనం పురుగుమందు చల్లి చంపే చెదపురుగు అక్కడ దుక్కి దున్నిపెట్టింది. ఏమీ పండని జిపెలె మీద, వాన తక్కువైన ఏడు కూడా హెక్టారుకు 300-400 కిలోల ధాన్యం వచ్చింది. ఎరువులో కలిసి వచ్చిన చెట్ల విత్తనాలు గుంతల్లో మొలిస్తే అతను పీకలేదు, అడవిగా పెంచాడు.

1984 నుంచి యాకూబా తన పొలంలో ఏటా రెండుసార్లు సంత పెట్టాడు. నూరు పైచిలుకు ఊళ్ల రైతులు గింజలు తెచ్చి, చూసి, మార్చుకుని వెళ్లేవారు. 1992లో ఉసేనీ జొరోమే అనే రైతు ‘జాయీ బడి’ మొదలుపెట్టాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు బీడు ముక్క ఒకటి అప్పగించి, దాన్ని బాగుచేయడమే పాఠంగా పెట్టాడు. పదేళ్లలో అలాంటివి ఇరవై దాకా వెలిశాయి. నేల శాస్త్రవేత్త ఎరిక్ రూజ్ వంటివారు 1990లలో వచ్చి జాయీని కొలిచి, అది ఎందుకు పనిచేస్తుందో వివరించారు. శాస్త్రం ఇక్కడ రైతు వెనక నడిచింది. అందులో నాకు చిన్నతనమేమీ కనిపించదు.

ఈ కథలో మనకూ ఒక పోగు తగులుతుంది. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్ జిల్లా డోకూరు వంటి గ్రామాల్లో రైతు కుటుంబాల బతుకును ఏళ్ల తరబడి నమోదు చేసే అధ్యయనాలు మొదలుపెట్టింది. అదే పద్ధతిని 1980ల మొదట్లో యాతెంగాకు ఇరుగుపొరుగైన యాకో, జిబో ప్రాంతాలకూ తీసుకెళ్లింది. ఇక యాతెంగా పాఠం పక్క దేశానికీ పాకింది. 1989లో నైజర్‌లోని ఇల్లెలా నుంచి 13 మంది రైతులు వచ్చి చూసి, ఇంటికి వెళ్లి తమ పొలాల్లో గుంతలు తవ్వారు.

రైట్ లైవ్లీహుడ్ పురస్కారం 1990లో వెద్రావొగోకు, 2018లో యాకూబాకు వచ్చింది. ఈలోగా వాహిగూయా పెరిగి, యాకూబా అడవిలో కొంత భాగం ఇళ్ల స్థలాలైంది. 2023 డిసెంబరు 3న ఆయన కన్నుమూశారు. కొన్నేళ్లుగా సాయుధ దాడులతో ఆ ప్రాంతంలో ఎన్నో బడులు మూతపడ్డాయి, పల్లెలు వదిలిన కుటుంబాలు వాహిగూయాలో తలదాచుకుంటున్నాయి. జాయీ గుంతలు శాశ్వతంగా ఉండేవి కావు, కొన్నేళ్లకోసారి మళ్లీ తవ్వుకోవాలి. తవ్వాల్సిన చేతులు పట్నంలో ఉన్నాయి, గుంతలు ఊళ్లో పూడిపోతున్నాయి.