నవలలును జ్ఞాపకములును

ఈ వేసవి సెలవులలో మేము చదివిన పుస్తకములలో అధికభాగము నల్లగొండసీమకును, దాని యిరుగుపొరుగు తాలూకాలకును సంబంధించినవి. కొన్ని నవలలు, కొన్ని స్వానుభవగ్రంథములు. వీనినిగూర్చి మాకు తోచిన మాటలు కొన్ని చదువరులముం దుంచుచున్నాము. ఇది విమర్శ కాదు, చదువుకొనినవాని ముచ్చట మాత్రమే.

నేడు సూర్యాపేటనుండి కోదాడకు పోవు బాటసారికి కనబడునవి లారీలును, భోజనశాలలును. మిర్యాలగూడలో నెటుచూచినను బియ్యపుమిల్లులే. ఆ వడ్లు నాగార్జునసాగరపు ఎడమకాలువ చలువ. ఈ పచ్చదనములో పెరిగిన మన పిల్లలకు వెట్టి యనునది నిఘంటువులోని మాట. సూర్యాపేట తాలూకాలో నొక్క దేశముఖునకే లక్షన్నర యెకరముల భూమి యుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారి గ్రంథము చెప్పుచున్నది. అంకె గొప్పదే. కాని గడిలో తెల్లవారకమునుపే నీళ్లు మోయు నాడుదాని మనస్సు అంకెకు తెలియదు. అచ్చటికి నవలాకారుడు రావలసినదే.

వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఇట్టి జీవితమును పుస్తకములలో చదివి నేర్చుకొన్నవారు కారు. 1915లో నల్లగొండసీమలో పుట్టి, యొక యుపాధ్యాయునకు వండిపెట్టుచు చదువు నేర్చి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. వారి ‘ప్రజల మనిషి’లో కథానాయకుడు కంఠీరవము మితిమీరిన మంచివాడు. ఒక్క దోషమైన నున్నచో నింకను మనవాడుగా తోచెడివాడు. అయినను ఊరిలో భయ మెట్లు పుట్టునో, ఎట్లు విడునో ఆ పుస్తకము చూపినట్లు చరిత్రగ్రంథ మేదియు చూపలేదు.

దాశరథి రంగాచార్యులవారి ‘చిల్లరదేవుళ్లు’ లో సారంగపాణి యను గాయకుడు కోస్తానుండి వచ్చి తెలంగాణపు పల్లెను చూచును. క్రొత్తవాని కన్నులతో చూపుటచే మనకును ప్రతి యాచారము క్రొత్తదై బాధించును. ప్రణయప్రసంగము కొంత తగ్గించిన బాగుండెడిదని మా యభిప్రాయము. దొరబిడ్డతో నత్తవారింటికి సామానువలె పంపబడు ఆడబాపల దుస్థితి ఈ నవలచే ననేక గృహములకు తెలిసినది. ఆ యొక్క కారణముచేత నైనను ఇది మన యాడపిల్లలు చదువదగినది. ఇట్టివి పిల్లల చేతికీయరాదని మా మిత్రు డొకడు వాదించెను. అట్టి యాచారము నడచిన యిండ్లు పెద్దమనుష్యుల యిండ్లే కదా యని మే మనగా నతడు మాట మార్చెను.

ఇక జ్ఞాపకములు. 1941లో కోదాడ దాపుననున్న చిలుకూరులో జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షుడు రావి నారాయణరెడ్డిగారు. వారి స్మృతులును, సుందరయ్యగారి గ్రంథమును ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో చిత్రముగా నుండును. 1948 సెప్టెంబరులో నిజాము లొంగిపోయిన పిమ్మట ఆయుధములు దించవలసినదని యొకరు, పోరు సాగవలసినదేయని యొకరు. పోరాటము 1951 అక్టోబరుదాక సాగెను. ఇద్దరును అందులోనివారే, ఇద్దరును సత్యమే పలికిరి. ఎవరిది చరిత్ర? మేము తరగతిలో నిద్దరిని వినిపింతుము.

మల్లు స్వరాజ్యముగారి ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వెలువడినది. ఆమె చెప్పగా విమల, కాత్యాయని గార్లు వ్రాసిరి. నేటి సూర్యాపేట జిల్లాలోని కరివిరాల కొత్తగూడెమున భూస్వాముల యింట పుట్టి, బాల్యముననే కూలివారికి వడ్లు పంచిన యీమె, గోర్కీ ‘అమ్మ’ నవల తన్ను కదల్చినదని చెప్పుకొన్నది. పిమ్మట రాజక్కయై, తలకు పదివేల రూపాయల వెల కట్టించుకొన్నది. నవల చదువుట కాలక్షేపమను పెద్దలు ఈ భాగమును రెండుమారులు చదువుదురు గాక!

కాని మమ్ము నిద్రపోనీయని పుస్తకము వేఱు. 1986లో స్త్రీశక్తి సంఘటన వారు ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. పోరాటములోని స్త్రీలు తమ నోట చెప్పిన కథ లివి. పురుషుల స్మృతులలో తీర్మానములు, దళములు, ఎకరములు. ఇందులో చంకలోని బిడ్డ యేడ్చిన పోలీసులు వత్తురను భయము. పోరు ముగిసిన పిదప ఇక ఇండ్లకు పొండని చెప్పగా, ఏ యిల్లు, ఎవరి యిల్లు అను ప్రశ్న. దేశము మారినను వంటిల్లు మారలేదని వారికి కలిగిన యాశ్చర్యము మా కింకను తగ్గలేదు.

ముప్పదియైదేండ్ల పిదప ముసలమ్మలు చెప్పినది ప్రమాణమా యని కొందరడుగుచున్నారు. నాయకులును దశాబ్దముల పిదపనే వ్రాసిరి గదా! వారి నీ ప్రశ్న అడిగినవారిని మేము చూడలేదు. కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’ 2012లో వచ్చునప్పటికి ఆమె తొంబది దాటినది. ఆ పుస్తకమున నొక్కచోటనైనను తన గొప్ప చెప్పుకొనినట్లు మాకు కనబడలేదు.

ఆళ్వారుస్వామిగారి మరణానంతరము వెలువడిన ‘గంగు’ మాత్ర మింకను మా చేతికి రాలేదు. గ్రంథాలయపు ప్రతి ఎవరియింటనో నున్నదట. వారు తిరిగి యిచ్చిన తోడనే చదివి, దానినిగూర్చియు వ్రాయుదుము.