కుదుపుల కథ

నరసరావుపేటలో ఒక రేకుల షెడ్డు కింద మా తమ్ముడు పాత పికప్పు బండికి ముందు కాళ్ళు విరగ్గొట్టి కొత్త కాళ్ళు అతికిస్తున్నాడు. ఈ మాట నాది కాదు, మా నాయనమ్మది. ఆవిడకి 86వ ఏడు నడుస్తోంది. వాడి భాషలో దాన్ని లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్ అంటారట.

"అంటే దూరప్రయాణాలకా?" అని అడిగాను. బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, నాకంతకంటే ఏం తెలుస్తుంది?

వాడు నెత్తి కొట్టుకున్నాడు. "దూరం పోయేది బండి కాదక్కా, చక్రం. రాయొస్తే చక్రం పైకి పోవాలి, గుంటొస్తే కిందికి దిగాలి. బండి మాత్రం వున్న ఎత్తులోనే వుండాలి. చక్రం ఎంతమేర పైకీ కిందికీ పోయి రాగలదో అదే ట్రావెల్. దీనికి ఏడంగుళాలుంది. నేను పద్నాలుగు చేస్తున్నాను."

ఏడంగుళాల కోసం ఇంత డబ్బూ ఇంత చాకిరీనా అని నవ్వబోయాను. నాయనమ్మ నవ్వలేదు. ఆవిడ ఎందుకు నవ్వలేదో చెప్పాలంటే ముందు పల్నాటి దారుల సంగతి చెప్పాలి.

పల్నాడంటే రాయి. మాచర్ల, దాచేపల్లి నాపరాళ్ళు ఎన్ని ఊళ్ళలో ఇళ్ళకి నేలలయ్యాయో! పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నమయ్యేదీ ఈ రాయే. శ్రీనాథుడివని చెప్పుకునే చాటువుల్లో ఈ సీమ రాళ్ళ మీదా, జొన్నన్నం మీదా ఎంత విసుగుందో మీకు తెలిసిందే. మహాకవికే నడుము పట్టేసిందంటే మామూలు మనుషుల సంగతి చెప్పాలా? పొలాల్లో పైన నల్లరేగడీ, కాస్త తవ్వితే కింద బండా. డొంకల్లో ఆ నల్లరేగడి వానకి కొట్టుకుపోతే, బక్కచిక్కిన గొడ్డుకి వెన్నుపూస తేలినట్టు రాయి బయటపడుతుంది.

ఆ రాళ్ళ మీద నడిచిన పాతకాలపు రెండెడ్ల బండిని ఒకసారి గుర్తు చేసుకోండి. చెక్క చక్రం, దాని చుట్టూ ఎర్రగా కాల్చి తొడిగిన ఇనప పట్టా. చక్రాల మధ్య ఇరుసు. ఆ ఇరుసు మీదే బండి చట్రం. మధ్యలో మెత్తనిదంటూ ఏమైనా వుంటే అది మనం పరుచుకున్న వరిగడ్డే. రాయి చెప్పిన మాట చక్రం ఇరుసుకి చెబుతుంది, ఇరుసు పలకకి, పలక మన నడుముకి. ఒక్క అక్షరం తగ్గకుండా!

నాగార్జునసాగర్‌కి నెహ్రూగారు శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. ఆ మరుసటి ఏడు మా నాయనమ్మకి తొలి కాన్పు. అత్తవారిది కారంపూడి దగ్గర పల్లె. పుట్టిల్లు కోటప్పకొండ పక్కన. పురిటికి పుట్టింటికి పంపాల్సింది, ఈలోపే నొప్పులొచ్చాయి. మంత్రసాని చెయ్యి చూసి తనవల్ల కాదంది. గూడుబండి కట్టి నరసరావుపేట ఆసుపత్రికి బయల్దేరారు. అటూ ఇటూగా 30 మైళ్ళు. రాత్రంతా ప్రయాణం. తెల్లారి బండి ఊళ్ళోకి వచ్చేసరికి బిడ్డ లేడు.

"బండి కుదుపులకే పోయాడో, వాడి రాత అంతేనో, నాకు తెలవదమ్మా. ప్రతి రాయీ మాత్రం తెలుసు," అంటుంది. ఈనాటికీ కారెక్కినా, బస్సెక్కినా, చిన్న గతుకొస్తే చాలు, ఆవిడ కుడిచెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోతుంది. చిన్నప్పుడు మేం దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. నాకు పెళ్ళయి కడుపు పండాక నవ్వడం మానేశాను.

ఇంతకీ, ఆనాటికి లోకంలో స్ప్రింగులు లేవా అంటే లేకేం! 1790లలోనే నెపోలియన్ సైన్యపు వైద్యుడు లారే, గాయపడ్డ సిపాయిల్ని మోసే తేలిక బళ్ళని స్ప్రింగుల మీద వేలాడదీశాడు. 1804లో ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ అనే బళ్ళ తయారీదారు, ఉక్కు పట్టీల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి విల్లులా వంచి, కోచిబండికి అమర్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన లారీల వాళ్ళు కమాను కట్టలంటారే, వాటి పూర్వీకులన్నమాట. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు, తన పిల్లవాడి మూడు చక్రాల సైకిలు గతుకుల్లో ఎగురుతోందని దానికి గాలి టైరు చేసిపెట్టాడు. చూశారా, దొరకి స్ప్రింగొచ్చింది, సిపాయికొచ్చింది, దొరబిడ్డ సైకిలుకి టైరొచ్చింది. మన పట్నాల్లో జట్కాబండికి సైతం కమాను కట్టలొచ్చాయి. డొంకదారిలో పురిటి నొప్పులు పడే మనిషి దాకా రావడానికే తీరిక లేకపోయింది.

తరవాత జీపొచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన బండి. 1940ల చివర్లో బొంబాయిలో మహీంద్రా వారు విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. సాగర్ కడుతున్న రోజుల్లో ఇంజనీర్ల జీపులు దుమ్ము రేపుకుంటూ పోతుంటే నాయనమ్మావాళ్ళు గట్టు మీద నిలబడి చూసేవారట. ఎక్కడికైనా ఎక్కేది, కానీ అందులో కూర్చున్నవాళ్ళ టోపీలు నిలిచేవి కావట! కారణం మా తమ్ముడు చెప్పాడు. జీపు ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి కట్టుబడి వుంటాయి. కావడిలో ఒక బుట్ట లేస్తే రెండో బుట్ట ఒరిగినట్టు, ఎడమ చక్రం రాయెక్కితే కుడి చక్రమూ వంకరపోతుంది. అచ్చం ఉమ్మడి కాపురం. ఒకరికి జ్వరమొస్తే ఇంటిల్లిపాదికీ లంఖణం.

ఆ చక్రాలకి వేరు కాపురం పెట్టిన వాళ్ళల్లో జర్మనీలోని మెర్సిడెస్ బెంజ్ వారొకరు. 1933లో వాళ్ళ 380 కారుకి ముందు చక్రం ఒక్కోదానికీ పైనొకటీ కిందొకటీ రెండు చేతులూ, ఒక చుట్ట స్ప్రింగూ ఇచ్చారు. ఎవరి గతుకు వాళ్ళది. ఆ చేతుల్ని పొడుగు చేసి చక్రానికి ఇంకా స్వేచ్ఛ ఇచ్చింది ఎడారి పందాలవాళ్ళు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు సాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. అదే ఏడాది చివర్లో మెక్సికోలో, బాహా అనే రాళ్ళూ ఇసకా తప్ప మరేమీ లేని చోట, 800 మైళ్ళకి పైబడిన పందెం మొదటిసారి జరిగింది. ఒక చిన్న బగ్గీ బండి 27 గంటల పైచిలుకులో పూర్తిచేసి గెలిచింది. ఆ పందాల పట్టుదలలోంచే పుట్టుకొచ్చాయి, ముందు చక్రం రెండేసి అడుగులు లేచి దిగే నేటి బళ్ళు.

ఇక మా వాడి షెడ్డుకి వద్దాం. పని చూస్తే సులువే అనిపిస్తుంది. ఏతం మాను పొడుగైతే కొస ఎక్కువ ఎత్తు లేస్తుంది కదా, అలాగే చేతులు పొడుగైతే చక్రం ఎక్కువ దూరం తిరుగుతుంది. కానీ కోడలికి ఒక నగ చేయిస్తే ఇంట్లో అందరికీ చేయించాలన్న సామెతగా తయారైంది వాడి పని. చేయి పొడుగైతే చట్రానికి బిగించిన చోట బరువు పెరుగుతుంది, అక్కడ దళసరి రేకు వేసి వెల్డింగు చెయ్యాలి. స్ప్రింగు గట్టిది కావాలి. ముందు చక్రాలకీ ఇంజను శక్తి వచ్చే బండి గనక ఆ శక్తిని మోసుకొచ్చే కడ్డీలూ పొడుగు చెయ్యాలి. స్టీరింగు కడ్డీ కూడా ఆ చేతుల లెక్కకే కుదరాలి. కుదరకపోతే గతుకెక్కినప్పుడల్లా చక్రం డ్రైవరుని అడక్కుండానే పక్కకి తిరుగుతుంది. ఇక షాకాబ్జరు. స్ప్రింగుది పడుచుతనం, ఒకసారి ఎగిరితే ఎగురుతూనే వుంటుంది. షాకాబ్జరు లోపల నూనె సన్నటి రంధ్రాల్లోంచి అతికష్టం మీద దూరుతూ, "చాల్లే, ఇక కూర్చో" అని దాన్ని సముదాయిస్తుంది. దానిది పెద్దరికం.

"అందరూ చక్రం పైకెంత పోతుందనే చూస్తారక్కా. కిందికెంత దిగుతుందన్నది కూడా అంతే ముఖ్యం. గుంటలోకి చక్రం దిగకపోతే బండే దిగుతుంది," అన్నాడు. నాకు ఈ మాట బాగా నచ్చింది.

బిగింపంతా అయ్యాక స్ప్రింగు తీసేసి, జాకీతో చక్రాన్ని అట్టడుగునుంచి పైకొస దాకా లేపుతూ, స్టీరింగు ఆ మూలకీ ఈ మూలకీ తిప్పుతూ, ఎక్కడ ఏం తగులుతోందో చూశాడు. నాయనమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. చక్రం పూర్తిగా కిందికి దిగినప్పుడు ఆవిడ చేతికర్ర చాచి, "ఆ నల్లతాడు చూడరా అబ్బాయ్, బిగుసుకుపోయింది," అంది.

అది తాడు కాదు, బ్రేకు గొట్టం. అన్నీ పొడుగు చేసి దాన్ని మర్చిపోయాడు. చక్రం దిగిన చోట స్టీరింగు మరికాస్త తిప్పి వుంటే అది తెగేది. షెడ్డులో తెగితే నూనె కారుతుంది, పరుగులో తెగితే బ్రేకు పడదు. వాడి మొహం పాలిపోయింది.

"ఎట్టా కనిపెట్టావే నాయనమ్మా?"

"ప్రభలు చూసి పెరిగిన దాన్నిరా," అంది.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 80, 90 అడుగుల ఎత్తు ప్రభ చక్రాల మీద కదిలి వస్తుంది. ఒకప్పుడు ఎడ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతాయి. దాన్ని నిలబెట్టేది మాత్రం చుట్టూ మోకులు పట్టిన మనుషులే. చక్రం మిట్టెక్కి ప్రభ ఒక పక్కకి ఒరగబోతే ఆ పక్కవాళ్ళు వదులిస్తారు, ఎదటిపక్కవాళ్ళు లాగి పడతారు. ఏ మోకూ మరీ బిగియకూడదు, మరీ జారకూడదు. ఆవిడ తండ్రి అలా మోకు పట్టినవాడే. ఆలోచిస్తే స్ప్రింగూ షాకాబ్జరూ చేసే పని అదే కదా! మనవాళ్ళు దేవుడి ప్రభకి ఇంత విద్య ఉపయోగించారు. ఆ శ్రద్ధలో కాసింత కడుపుతో వున్న మనిషి ఎక్కే బండి మీద ఎవరూ పెట్టలేదే అని నాకు కష్టం తోచింది. మన రాష్ట్రంలో 108 బళ్ళు మొదలైంది 2005 ఆగస్టు 15న. నాయనమ్మ గూడుబండి బయల్దేరి అప్పటికి 49 ఏళ్ళు!

కొత్త బ్రేకు గొట్టాలు వేశాక బండిని లారీ మీద ఎక్కించి మా పొలానికి తీసుకెళ్ళాడు. కంపెనీవాడిచ్చిన రూపు ఇలా మార్చిన బండి రోడ్డు మీద తిరగకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది, అందుకని. నాయనమ్మ తానూ ఎక్కుతానంది. వద్దంటే వినే మనిషా! ముందు సీట్లో దిండ్లు వేసి, బెల్టు బిగించి, వాడు నడక వేగంతో రాళ్ళగట్టు మీదికి పోనిచ్చాడు. వెనకసీట్లో నేను.

ముందు చక్రం మోకాలెత్తు బండ ఎక్కి దిగింది. నేను ముందుకి వంగి ఆవిడ కుడిచేతినే చూస్తున్నాను. అది తొడ మీదే వుంది, కదల్లేదు. ఆ మరుక్షణం వెనక చక్రం అదే బండ ఎక్కింది. నా తల వెళ్ళి పైకప్పుకి ఠంగుమని తగిలింది. అప్పుడు లేచింది ఆవిడ చెయ్యి. పొట్ట మీదికి కాదు, వెనక్కి, నా మోకాలి మీదికి.

దిగాక తమ్ముడు ఎదురుగా నిలబడి మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

"బాగానే వుందిరా," అంది నాయనమ్మ. "మరి వెనకాల?"

"వెనకవి పాత కమాను కట్టలే నాయనమ్మా. ముందువి అయ్యాక చూద్దామని..."

"అంతే నాయనా. ఎప్పుడూ తోలేవాడికే ముందు. ఆ రాత్రి నేనూ వెనకాలే పడుకున్నా."

వాడు మరి మాట్లాడలేదు. మర్నాడు ఫోను చేస్తే షెడ్డులో ఉన్నానన్నాడు. వెనక ఇరుసు విప్పుతున్నాడట.