వృద్ధుల సంరక్షకులకు సాయం: నమోదు ఎక్కడ మొదలవ్వాలి?

మంచం పట్టిన పెద్దవారిని ఇంట్లో జీతం లేకుండా కనిపెట్టుకుని ఉండేది ఎక్కువగా భార్య, కోడలు లేదా కూతురు. ప్రభుత్వ పథకాలు మాత్రం వృద్ధులనే లబ్ధిదారులుగా గుర్తిస్తాయి.

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) పిల్లల నుంచి భరణం ఇప్పిస్తుంది. ఆయుష్మాన్ భారత్ 2024 నుంచి 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా వర్తిస్తోంది. అయితే అది ఆస్పత్రి చికిత్సకే. ఇంటికి వచ్చాక పక్క మార్చడం, స్నానం చేయించడం, వేళకు మందులివ్వడం కుటుంబం వంతు.

ఈ విషయంలో కేరళ భిన్నం. అక్కడి 'ఆశ్వాసకిరణం' పథకం మంచానికే పరిమితమైనవారిని చూసుకునే వ్యక్తికి నెలకు రూ.600 ఇస్తుంది. మొత్తం స్వల్పమే అయినా, సంరక్షకులకు అది ఒక గుర్తింపు.

మిగతాచోట్ల సేవలు విడివిడిగా ఉన్నాయి. సమాచారానికి, సలహాకు ఎల్డర్‌లైన్ 14567. మానసిక ఒత్తిడికి టెలిమానస్ 14416. వైద్యానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ప్రతిచోటా కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఆశా కార్యకర్తలు నింపే సీబాక్ పత్రంలో, రోజువారీ పనులకు ఇతరుల సాయం కావాలా అని 60 ఏళ్లు దాటినవారిని అడుగుతారు. జవాబు 'అవును' అయితే, ఆ సాయం చేస్తున్నదెవరు, వారి ఆరోగ్యం, ఉపాధి ఎలా ఉన్నాయన్నవీ అక్కడే నమోదు చేయవచ్చు. ఆ వివరాలను, కుటుంబం అనుమతితో, మిగతా విభాగాలకు పంపే బాధ్యత ఒకరికి అప్పగించాలి. సమన్వయానికి తొలి మెట్టు అదే.