గాలిలో వాటా

ఈసీఐఎల్ నుంచి కీసర పోయే దారిలో ఉంటుంది మా నాగారం. జవహర్‌నగర్ చెత్తగుట్ట మీది గాలి ఇటు తిరిగిందంటే మా అమ్మ గబగబా కిటికీలు మూసేది. గాలితో మాకున్న సంబంధం అంతే. అందుకే కోపెన్‌హేగన్ వచ్చిన కొత్తలో, పక్కింటి పెద్దాయన సముద్రంలోని గాలిమరల వైపు చెయ్యి చూపి "వాటిల్లో నాకూ వాటాలున్నాయి" అంటే వేళాకోళం అనుకున్నాను.

వేళాకోళం కాదు. ఒడ్డు నుంచి చూస్తే విల్లులా వంగి కనిపించే ఆ వరుస పేరు మిడెల్‌గ్రున్డెన్. 2000లో నిలబెట్టిన 20 గాలిమరలు, 40 మెగావాట్లు. అందులో సగం ఓ సహకార సంఘానిది. మొదట్లో సభ్యులు 8,500 మందికి పైనే. మొత్తం 40,500 వాటాలు, అప్పట్లో ఒక్కోటి 4,250 క్రోనర్లకు అమ్మారు. ఏడాదికి 1,000 యూనిట్ల కరెంటు ఒక వాటా లెక్క. చిట్టీలాంటిదా అని అడగకండి, ఇందులో పాట ఉండదు. మన పాల సంఘంతో పోల్చుకుంటే దగ్గర. ఇక్కడి రైతులు 1882లోనే పాల సంఘం పెట్టుకున్నారు. నలుగురూ డబ్బు కలిపి యంత్రం కొనే అలవాటు అప్పటిది.

శనివారాలు కీసర వైపు ఇంజినీరింగ్ పిల్లలు కొందరితో వీడియోలో మాట్లాడుతుంటాను. ఇక్కడి చిన్న క్లీన్ టెక్ కంపెనీల్లో నేనూ కాస్త డబ్బు పెట్టాను. రెండు చోట్ల మునిగింది కూడా, ఆ అర్హతతోనే సలహాలు. వాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సార్, ఫండింగ్ ఎట్ల దొరుకుతది?" పెద్ద డబ్బు మన దగ్గరా ఉంది. హైదరాబాద్‌లోని పునరుత్పాదక విద్యుత్తు కంపెనీ గ్రీన్‌కోలో సింగపూర్, అబుదాబి ప్రభుత్వ నిధులే పెట్టుబడి పెట్టాయి. డెన్మార్క్ కూడా డబ్బున్న దేశం కాబట్టే ఇన్ని గాలిమరలు పెట్టిందని పిల్లల లెక్క. అప్పుడు వాళ్లకు ఒక మాస్టారి కథ చెబుతాను.

అస్కోవ్ అనే పల్లెలో ఒక జానపద పాఠశాల. అక్కడ సైన్సు చెప్పే పౌల్ లా కూర్ 1891లో గాలిమరతో కరెంటు తీశాడు. గాలి లేనప్పుడెలా? ఆ కరెంటుతో నీటిని విడగొట్టి, హైడ్రోజన్ నిల్వచేసి, దానితో బడిలో దీపాలు వెలిగించాడు. మధ్యలో అది పేలి కిటికీ అద్దాలు పగిలిన సందర్భాలూ ఉన్నాయి! నాకు మాత్రం ఆ యంత్రం కంటే, 1904లో పల్లె కుర్రాళ్లకు ఆయన మొదలుపెట్టిన ఎలక్ట్రీషియన్ కోర్సు గొప్పగా తోస్తుంది. అందులో చేరిన యోహన్నెస్ యూల్, కరెంటు కంపెనీలో జీవితమంతా పనిచేసి, ముసలితనంలో మళ్లీ గాలి మీద పడ్డాడు. 1957లో గెడ్సర్‌లో మూడు రెక్కల 200 కిలోవాట్ల మర నిలబెట్టాడు. పదేళ్లు తిరిగింది. చమురు చవకగా దొరికే రోజులు, మరను ఆపేశారు. ఎవరూ పెద్దగా బాధపడలేదు.

1973లో చమురు ధర భగ్గుమంది. డెన్మార్క్ వాడే ఇంధనంలో నూటికి 90కి పైగా దిగుమతి చేసుకున్న చమురే. ఆదివారాలు కార్లు నడపొద్దన్నారు. కరెంటు కంపెనీలు అణువిద్యుత్తు వైపు చూస్తుంటే, రీసాగర్ అనే వడ్రంగి యూల్ మరను చిన్నదిగా చేసి పెరట్లో పెట్టాడు. ట్విండ్ అనే చోట బడి పంతుళ్లు, ఊరూరి నుంచి వచ్చినవాళ్లు కలిసి 1975 నుంచి మూడేళ్లు శ్రమపడి 53 మీటర్ల స్తంభం మీద 2 మెగావాట్ల మర ఎత్తారు. కార్ల్ ఎరిక్ యోర్గెన్సన్ అనే కమ్మరితో, హెన్రిక్ స్టీస్‌డాల్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు జతకట్టాడు. వాళ్ల నమూనానే 1979లో వెస్టాస్ కంపెనీ లైసెన్సుకు తీసుకుంది.

ఇక ప్రభుత్వం. 1979 నుంచి గాలిమర ఖర్చులో 30 శాతం ఇచ్చింది. సబ్సిడీ అనగానే పిల్లలు పెన్ను తీస్తారు. షరతులు కూడా రాసుకోండి అంటాను: రీసో పరీక్షా కేంద్రం ఒప్పుకున్న మరకే డబ్బు. సంఘంలో వాటా కావాలంటే అప్పట్లో ఆ చుట్టుపక్కలే కాపురం ఉండాల్సి వచ్చేది. రెక్కల చప్పుడు వినేవాడికే లాభం. దాంతో ఊళ్లలో గొడవలు తగ్గాయి, లక్షకు పైగా కుటుంబాలు వాటాదారులయ్యాయి. అంతా సాఫీగా సాగలేదు. 1985 చివర, ఈ మరలు ఎక్కువగా కొనే కాలిఫోర్నియాలో పన్ను రాయితీ ఆగిపోయింది, మరుసటి ఏడాదే వెస్టాస్ చేతులెత్తేసింది. తర్వాత కొత్తగా నిలదొక్కుకుంది.

ఇదంతా విని ఒకమ్మాయి, మాట చెత్తగుట్ట మీదికి మళ్లించి, "అయితే మనం కూడా చెత్త కాల్చి కరెంటు తీద్దామా సార్, అక్కడిలాగ?" అంది. కోపెన్‌హేగన్‌ను ఆనుకున్న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో 1903లోనే ఆ పని మొదలైంది. కాకపోతే ఇక్కడ లాభం చాలావరకు వేడిలో ఉంది. పైపుల్లో ఇళ్లకు, ఆసుపత్రులకు పంపి చలికాలం గట్టెక్కారు. జవహర్‌నగర్‌లోనూ 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. కానీ మేలో నాగారంలో వేడి ఎవడు కొంటాడు? పైగా మన చెత్తలో సగం తడి. తడిని ఆరబెట్టడానికే కొంత వేడి ఖర్చవుతుంది. తడి చెత్తకు బయోగ్యాస్ నప్పుతుంది: ఘనపు మీటరు గ్యాస్ అర కిలో కంటే కాస్త తక్కువ ఎల్పీజీతో సమానం.

ఆ లెక్క పట్టుకుని నలుగురు పిల్లలు తమ హాస్టల్ ఓనర్ దగ్గరికి వెళ్లారు, స్లైడ్లు కూడా చేసుకుని. ఆయన ఒక్కటే అడిగాడట: "నెలకు నాకు సిలిండర్లు ఎన్ని తగ్గుతయి?" వాళ్ల దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రోజూ రాత్రి మెస్ మూసేశాక, మిగిలిన అన్నం, కూరల బకెట్లు తూకం వేసి నోటుబుక్కులో రాస్తున్నారు.