ఎండలో బరువు లాగే డీజిల్ లారీ: ఘాట్ రోడ్డులో ఇంజిన్ ఎందుకు మరుగుతుంది?

వేసవి మధ్యాహ్నాల్లో ఘాట్ రోడ్ల పక్కన ఆవిరి చిమ్ముతూ ఆగిపోయిన లారీలు దేశమంతటా కనిపిస్తాయి. విశాఖపట్నం నుంచి సాలూరు, సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్లే దారిలోనైనా, ముంబయి–నాసిక్ మధ్య కసారా ఘాట్‌లోనైనా, మంగళూరు–బెంగళూరు మధ్య శిరాడి ఘాట్‌లోనైనా అదే దృశ్యం. నింద మాత్రం ఎప్పుడూ ఎండ మీదే పడుతుంది. రాజస్థాన్‌లోని ఫలోదీలో 2016 మే 19న నమోదైన 51 డిగ్రీలు దేశ చరిత్రలోనే అత్యధిక ఉష్ణోగ్రత. ఆరోగ్యంగా నడుస్తున్న డీజిల్ ఇంజిన్‌లో తిరిగే కూలెంట్ 85 నుంచి 95 డిగ్రీల వరకు ఉంటుంది. అంటే అంతటి ఎండ కూడా ఇంజిన్‌తో పోలిస్తే చల్లనిదే. ఇంజిన్‌ను మరిగించేది దాని మీద పడే భారం. పుట్టిన వేడి బయటకు పోకుండా ఎండ అడ్డుపడుతుంది.

డీజిల్‌లోని శక్తిలో సుమారు 40 శాతం మాత్రమే బండిని కదిలించే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడే. అందులో కొంత పొగగొట్టం గుండా పోతుంది, కొంత కూలెంట్‌లోకి చేరి రేడియేటర్ ద్వారా గాలిలో కలవాలి. కనుక ఇంజిన్ ఎంత ఎక్కువ పని చేస్తే రేడియేటర్ అంత ఎక్కువ వేడిని వదిలించుకోవాలి.

ట్రైలర్ లారీల స్థూల బరువు పరిమితిని కేంద్రం 2018లో 49 టన్నుల నుంచి 55 టన్నులకు పెంచింది. ఆ బరువుతో చదును రోడ్డుపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో సాగడానికి సుమారు 110 అశ్వశక్తి సరిపోతుంది. అదే లారీ 5 శాతం ఎత్తును, అంటే ప్రతి 100 మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డును, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే బరువును పైకి లేపడానికే 200 అశ్వశక్తి కావాలి. టైర్ల రాపిడిని కలిపితే అది 230 వరకు చేరుతుంది. పని రెట్టింపైంది, ఎదురుగా వచ్చే గాలి మూడో వంతుకు పడిపోయింది. వెనుక నుంచి గాలి వీస్తే ఆ మూడో వంతు కూడా దక్కదు.

ఇక ఎండ పాత్ర ఇది. రేడియేటర్ వదిలే వేడి కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదాన్ని బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఉన్నప్పుడు భేదం 70. గాలి 45 డిగ్రీలకు చేరితే భేదం 50కి తగ్గుతుంది. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాన్, కానీ శీతలీకరణ సామర్థ్యం దాదాపు 30 శాతం తక్కువ. పైగా వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత నీడలో కొలిచినది. కాగిన తారు మీదుగా లారీ ముందు భాగంలోకి చొరబడే గాలి అంతకంటే వేడిగా ఉంటుంది. వేడి గాలి పలుచన కూడా. 25 డిగ్రీలతో పోలిస్తే 45 డిగ్రీల గాలిలో ప్రాణవాయువు సుమారు 6 శాతం తక్కువ. టర్బో, దాని తర్వాతి ఇంటర్‌కూలర్ ఆ లోటును కొంత పూడుస్తాయి, కానీ ఇంటర్‌కూలర్ చల్లబడాల్సింది కూడా ఆ వేడి గాలితోనే.

ఈ పరిస్థితిలో డ్రైవర్ చేతిలో ఉన్న ముఖ్యమైన సాధనం గేరు. పెద్ద గేరులోనే ఉండి యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కితే డీజిల్ కలిసొస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు జరిగేది వేరు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే దానితో ముడిపడిన నీటి పంపు, ఫ్యాన్ కూడా నెమ్మదిస్తాయి. ప్రతి సిలిండర్‌లో మంట మాత్రం ముమ్మరంగా ఉంటుంది. ఒక గేరు ముందుగానే తగ్గించి, యాక్సిలరేటర్‌ను కాస్త వదిలితే బండి వేగం తగ్గుతుంది, కానీ ఇంజిన్ చురుగ్గా తిరిగి పంపు, ఫ్యాన్ నిండుగా పనిచేస్తాయి. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చాక కాకుండా, ఎత్తు మొదలు కాకముందే గేరు మార్చడంలో అనుభవం కనిపిస్తుంది. అనుభవజ్ఞులు ఘాట్‌ను తెల్లవారుజామున ఎక్కేలా ప్రయాణం వేసుకోవడానికి కారణమూ పైన చెప్పిన ఉష్ణోగ్రతా భేదమే.

గ్యారేజీలో జరిగే పొరపాట్ల సంగతి వేరు. ఇంజిన్ కాగుతోందనగానే థర్మోస్టాట్‌ను తీసి పారేసే అలవాటు ఇంకా పోలేదు. థర్మోస్టాట్ సుమారు 80–90 డిగ్రీల మధ్య తెరుచుకునే కవాటం. పూర్తిగా తెరుచుకున్నాక అది రేడియేటర్‌కు పెద్దగా అడ్డురాదు. దాన్ని తీసేస్తే మిగతా వేళల్లో ఇంజిన్ చల్లగా నడిచి త్వరగా అరుగుతుంది. అసలు లోపం అలాగే ఉండిపోతుంది. ఆ లోపం చాలాసార్లు కంటికి కనిపించేదే: పొట్టు, దుమ్ము, పురుగులతో రేడియేటర్ రెక్కలు మూసుకుపోవడం, ఫ్యాన్ బెల్టు వదులవడం, ముందు జాలికి అడ్డంగా అదనపు దీపాలు, అలంకరణలు బిగించడం. రేడియేటర్‌ను ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. బలమైన నీటి ధార రెక్కలను వంచేస్తుంది.

కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం మరో పొదుపు. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంట్ అనవసరం అన్న వాదన వినిపిస్తుంటుంది. సరైన పాళ్లలో కలిపిన కూలెంట్ మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, తుప్పును ఆపుతుంది, సిలిండర్ లైనర్ల వెలుపలి గోడకు చిన్న గుంతలు పడకుండా కాపాడుతుంది. గట్టి నీళ్లయితే లోపల సున్నపు పొర కట్టి వేడిని బయటకు పోనివ్వవు. రేడియేటర్ మూతనూ చిన్నచూపు చూడకూడదు. మామూలు నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత సుమారు 1 బార్ అదనపు ఒత్తిడిని నిలిపితే అదే నీరు 120 డిగ్రీల దాకా మరగదు. మూతలోని రబ్బరు ఎండిపోతే ఆ 20 డిగ్రీల భరోసా పోయినట్టే.

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్–6 ప్రమాణాలు ఇంజిన్ గదిలో వేడిని కొంత పెంచాయి. పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి తిరిగి సిలిండర్లలోకి పంపే ఏర్పాటు ఉన్న లారీల్లో ఆ వేడీ కూలెంట్‌లోకే చేరుతుంది. ఇలాంటి ఇంజిన్‌లో ఉష్ణోగ్రత హద్దు దాటితే కంప్యూటర్ తనంతట తాను శక్తిని తగ్గిస్తుంది. ‘పికప్ పడిపోయింది’ అని డ్రైవర్లు విసుక్కునేది చాలాసార్లు ఇదే. సెన్సార్ తీగ పీకేస్తే రక్షణ పోతుంది.

కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. సాధారణంగా ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది కనుక అది వదిలే వేడి నేరుగా రేడియేటర్‌కు తగులుతుంది. నిటారు ఎత్తులో కొన్ని నిమిషాలు ఏసీ ఆపడం ఇంజిన్‌కు మేలే. ఆ మాట పట్టుకుని డ్రైవర్‌ను రోజంతా కొలిమిలాంటి క్యాబిన్‌లో కూర్చోబెట్టడం మాత్రం న్యాయం కాదు. రేడియేటర్ శుభ్రంగా ఉండి, బరువు పరిమితిలో ఉంటే ఇద్దరికీ చల్లదనం సరిపోతుంది. అధిక బరువుకు 2019 చట్ట సవరణ ప్రకారం జరిమానా రూ.20,000, అదనపు ప్రతి టన్నుకు మరో రూ.2,000. ఇంజిన్ విధించే జరిమానా దీనికి అదనం: మాడిన హెడ్ గ్యాస్కెట్, పగిలిన సిలిండర్ హెడ్, దారిలో పోయిన రోజులు.

ముల్లు పైకి పాకుతుంటే మొదట భారం తగ్గించాలి. రోడ్డుకు దూరంగా ఆపి, వెనుక హెచ్చరిక త్రిభుజం పెట్టాలి. ఘాట్ మలుపులో ఆగిన లారీని వెనుక బండి ఢీకొనడం ఇంజిన్ చెడిపోవడం కన్నా పెద్ద ఆపద. కూలెంట్ కారకుండా, ఆయిల్ ఒత్తిడి సరిగ్గా ఉంటే ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు ఖాళీగా తిరగనివ్వాలి. వెంటనే ఆపేస్తే టర్బో బేరింగ్‌లో నూనె మాడుతుంది. కూలెంట్ కారిపోతుంటే, లేదా ఆయిల్ దీపం వెలిగితే, ఆ క్షణమే ఆపాలి. కూలెంట్ పూర్తిగా పోయాక సెన్సార్ గాలిలో తేలి ముల్లు కిందికి దిగవచ్చు. దాన్ని చల్లబడటంగా భ్రమించకూడదు.

వేడి మీదున్న రేడియేటర్ మూతను గుడ్డ చుట్టి తిప్పడం కూడా ప్రమాదమే. ఒత్తిడి తొలగిన మరుక్షణం లోపలి ద్రవం ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. పై గొట్టం చేతికి మామూలుగా తగిలేంత వరకు ఆగాలి, అది గంట పట్టినా సరే. తర్వాత కూడా చల్లటి నీటిని ఒక్కసారిగా గుమ్మరిస్తే సిలిండర్ హెడ్ పగులుతుంది. కొద్దికొద్దిగా పోయాలి. బయలుదేరే ముందు ఆయిల్ కొలత కడ్డీ తీసి చూడాలి. నూనె పాల రంగులోకి మారి ఉంటే కూలెంట్ అందులో కలిసిందని అర్థం. అప్పుడు ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకుండా లారీని మరో బండితో లాగించుకుపోవాలి.